వంతు సున్నా

మంగళవారం

అత్తగారికి,

మీ కొడుకుని చేసుకోని కోడలు నమస్కారాలతో రాస్తున్నది. మీకు కొడుకే లేడు, అది వేరే సంగతి. వేలిముద్ర పడిన కళ్ళజోడు అద్దం కంటబడితే చాలు, "మీ పుట్టింట్లో ఇదేనా నేర్పింది" అని మీరు అరిచే అరుపుకి మన గదిలో ఎవరో మీకా పేరు పెట్టారు. అందరిలోకీ చిన్నదాన్ని కాబట్టి నేను చిన్న కోడలినయ్యాను. పాలిష్ పట్టే ఆయన బాబాయి, కటింగ్ చేసే అతను మరిది అయ్యారు. మీరు రిటైరై వెళ్ళిపోయి ఎనిమిది నెలలు. అత్త లేని కోడలు ఉత్తమురాలంటారు. మీ కుర్చీలో కూర్చున్న ఈ ఎనిమిది నెలలూ నేనూ ఉత్తమురాలిననే అనుకున్నాను, పోయిన వారం వరకూ.

ముందు కుశలం అడగాలని తెలుసు. మోకాళ్ళు ఎలా ఉన్నాయో, మీ చెల్లెలుగారింట్లో మీ గదికి వెలుతురు వస్తుందో లేదో అడగాలి. కానీ ఈ ఉత్తరం కోపంతో మొదలుపెట్టాను. ఇప్పటికి మూడు కాగితాలు చింపాను. మా ఆయన మిషను ఆపి "ఎవరికే అంత పెద్ద ఉత్తరం?" అని అడిగితే, "మా అత్తగారికి" అన్నాను. వాళ్ళమ్మ పోయి పదేళ్ళయింది కదా, నా వంక ఒకసారి చూసి మళ్ళీ కుట్టుకుంటున్నాడు.

పోయిన వారం కొత్త జీతాల ఆఫీసరు నన్ను పిలిచాడు. సన్నగా ఉంటాడు, మెల్లగా మాట్లాడతాడు, కుర్చీ చూపించి కూర్చోమంటాడు. మన గదిలో ఏడుగురి బేసిక్కులూ, ఏడేళ్ళ ఇంక్రిమెంట్లూ ఉన్న కాగితం ఒకటి నా ముందు పెట్టి, "హెడ్ కాబట్టి చూపిస్తున్నాను మేడం. చూసి సంతకం పెట్టండి, బయట మాట్లాడకూడదు" అన్నాడు. జీతం చీటీ ఒకరిది ఒకరికి చూపించకూడదని మనకున్న రూలు మీకు తెలుసు. మొగుడికైనా చూపిస్తామేమో గానీ పక్క కుర్చీవాళ్ళకి చూపించం. అందువల్ల పక్కవాళ్ళ జీతం నేను చూడటం అదే మొదటిసారి.

ఇక్కడ మీకు తెలిసిన సంగతే మళ్ళీ రాస్తున్నాను. నా చేత్తో ఒకసారి రాసుకుంటే తప్ప నాకే నమ్మకం కుదరటం లేదు. ఏడేళ్ళ కిందటిదాకా అందరికీ ఒకే ఇంక్రిమెంటు. ఆ ఏడాది నుంచి ప్రతిభను బట్టి ఇస్తామన్నారు. ఏడుగురున్న గదిలో ఆరుగురికి ఇంక్రిమెంటు, అందరిలోకీ తక్కువైన ఒకరికి సున్నా. హెడ్ కూడా ఆ ఏడుగురిలో లెక్కే. ఆ ఒకరి పేరు హెడ్ రాసివ్వాలి, పక్కన లోపం ఏమిటో కూడా రాయాలి. మీరు ఆ ఫారం పట్టుకుని ఆఫీసులోంచి వచ్చి, అద్దాలు కడిగే కుళాయి దగ్గరికి అందర్నీ పిలిచారు. "మన గదిలో పనికిమాలినవాళ్ళు లేరు. లేనివాళ్ళని నేనెక్కణ్ణుంచి పట్టుకొచ్చేది? వంతులేసుకుందాం. ఏడాదికొకరు సున్నా మింగుదాం. ఏడేళ్ళు తిరిగేసరికి అందరం సమానం" అన్నారు. పాలిష్ బాబాయి చప్పట్లు కొట్టాడు. మొదటి వంతు ఎవరిదనేసరికి మాత్రం అందరూ కుళాయి వంక చూశారు. "చిన్నవాళ్ళతో మొదలెడదాం, వాళ్ళకి ముందు బోలెడు కాలముంది" అన్నది మీరే. నేను చెయ్యెత్తాను. పనిలో చేరి ఆరు నెలలైనా కాలేదు, నలుగురూ నన్ను తమలో కలుపుకుంటున్నారని పొంగిపోయాను కూడా.

నా పేరు పక్కన "పనిలో నిదానం" అని రాశారు. మర్నాడు నన్ను పిలిచి, "ఏదో ఒకటి రాయాలి కదే, మనసులో పెట్టుకోకు" అన్నారు. మరుసటేడు బాబాయికి "పని చేస్తూ పాటలు పాడును" అని రాస్తే, ఆయన మనసులో పెట్టుకుని రెండు నెలలు పాట మానేశాడు. "పాడవయ్యా బాబూ, నీ పాట లేకపోతే అద్దాలకి మెరుపు రావటం లేదు" అని మీరే బతిమాలాల్సి వచ్చింది. పోయినేడు, రిటైరయ్యే ముందు, మీ వంతుకి "నోరెక్కువ" అని మీరే రాసుకున్నారు. ఏడేళ్ళలో రాసిన లోపాల్లో నిజమైంది అదొక్కటేనని అందరం నవ్వాం. పక్క గదుల్లో ఈ సున్నా కోసం జుట్టూ జుట్టూ పట్టుకుంటుంటే, మనం మాత్రం ఒక్క ఇంటివాళ్ళలా ఉన్నామని నేను వెళ్ళిన చోటల్లా చెప్పుకునేదాన్ని.

కాగితంలో ఏ ఏడాది ఎంత శాతం ఇచ్చారో పైన వరసగా ఉంది. మొదటి ఏడు పన్నెండు. తర్వాత అయిదు, నాలుగు, నాలుగు, అయిదు, మూడు. పోయినేడు రెండు.

నాకు లెక్కలు రావు గానీ ఇది లెక్క కూడా కాదు. నేను మింగిన సున్నా పన్నెండుది. కటింగ్ మరిది మింగింది మూడుది. మీరు మింగింది రెండుది. ఇంక్రిమెంటు వేసేది బేసిక్ మీద. ఆ ఏడు ఎదగని బేసిక్ మీదే తర్వాతవన్నీ పడుతూ వచ్చాయి. మరిదీ నేనూ ఒకే రోజు, ఒకే బేసిక్‌తో చేరాం. ఇవాళ నాకు వంద వస్తుంటే అతనికి నూట ఎనిమిది పైచిలుకు వస్తోంది. ఇద్దరమూ ఒక్కొక్క సున్నాయే మింగాం. ఇకమీదట నేనెంత పనిచేసినా, ఎంత హెడ్‌నైనా, ఆ ఎనిమిది నాకు రాదు. అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ అని సామెత చెబుతుంటే ఇన్నాళ్ళూ నవ్వేదాన్ని. ఇప్పుడు దాని అర్థం బేసిక్‌తో సహా తెలిసింది.

ఆ ఏడు పన్నెండొచ్చిందని నా ముందు ఎవరూ అనలేదు. జాలిపడి అనలేదు, అది నాకు తెలుసు. పాలిష్ బాబాయి ఆ ఏడే స్కూటరు కొన్నాడు. గేటు దగ్గర్నుంచి మలుపుదాకా మొదట నన్నే ఎక్కించుకుని తిప్పాడు. నేను వెనక కూర్చుని, "ఎలా కొన్నావు బాబాయ్?" అని కూడా అడగలేదు. ఆ మరుసటేడే మా ఆయన కుట్టు కొట్టుకి అద్దె కట్టలేక వీధి గది వదిలేశాం. అప్పట్నుంచీ ఆయన మిషను మా మంచం పక్కనే ఉంది, అమ్మాయి చదువు వంటగది గుమ్మంలో. ఆ పన్నెండూ ఉంటే గది నిలిచేదని ఒట్టేసి చెప్పలేను. నిలిచేదేమోనన్న ఆలోచన మాత్రం వారం రోజులుగా నన్ను తినేస్తోంది.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఫారం ఇచ్చేటప్పుడే ఆ ఏడాది శాతం ఎంతో హెడ్‌కి చెబుతారట. నాకు చెప్పారు. ఈ ఏడు పది. మీకూ ఆ రోజు చెప్పే ఉంటారు కదా? పన్నెండని తెలిసే నన్ను చెయ్యెత్తనిచ్చారా?

ఇంకొకటి కూడా ఉంది. ఈ ఏడాది కొత్త రూలొచ్చింది. రెండు సున్నాలు పడినవాళ్ళని పనిలోంచి తీసేస్తారట. మన ఆరుగురికీ ఒక్కొక్కటి ఉంది. లేనిది మీ స్థానంలో వచ్చిన కొత్తపిల్లకొక్కదానికే. రెండో చుట్టు ఎవరితో మొదలవ్వాలో చెప్పనక్కర్లేదు. నిన్న కుళాయి దగ్గర అందరికీ రూలు సంగతి చెప్పాను, పది సంగతి చెప్పలేదు. ఆ పిల్ల చెయ్యెత్తింది. "నాకేం పర్లేదక్కా" అంది నవ్వుతూ. "నీకు ముందు బోలెడు కాలముందమ్మా" అన్నాను. అచ్చం మీ గొంతే.

మీ దగ్గర దాచటమెందుకు, నాకు ఆ పిల్ల మీద కుళ్ళు కూడా ఉంది. బజారు రేటట, చేరడమే నా బేసిక్‌కి రెండు మెట్ల కింద చేరింది. నేను ఏడేళ్ళు దీపం కింద అద్దాలు తిప్పి చూసి, గీతలు వెతికి వెతికి ఎక్కిన మెట్లు అవి. ఒక్క సున్నాతో దానికేం పోతుందిలే అనుకున్నాను. వచ్చే శుక్రవారం ఫారం ఇవ్వాలి. దాని పేరే రాయాలని నిశ్చయించుకున్నాను. మీరు తప్పన్నా రాస్తాను. నాకు కావలసింది ఒక్క జవాబు. తెలుసా, తెలియదా?

మీ
చిన్న కోడలు

*

ఆదివారం

చిన్న కోడలికి,

ఆశీర్వదించే అర్హత ఉందో లేదో తెలియక నేరుగా మొదలెడుతున్నాను. తెలుసు.

ఆ రోజు పాత ఆఫీసరు పన్నెండు అని ఫారం మీద పెన్సిలుతో రాసి, చూపించి, తుడిచేశాడు. అంతకు ముందే వంతుల ఆలోచన నాకు ఉంది. మొదటి వంతు నాదే అని ఇంట్లో అనుకునే వచ్చాను, ఇది నువ్వు నమ్మినా నమ్మకపోయినా నిజం. పెద్దదాన్ని కదా, ముందు నేను మింగితే మిగతావాళ్ళు కిక్కురుమనరని. పన్నెండు చూశాక మనసు మారిపోయింది. ఏడేళ్ళలో రిటైరవుతాను, పెన్షను చివరి బేసిక్ మీద కడతారు, మీ మావగారు అప్పటికే మంచంలో ఉన్నారు. ఆఫీసు గదికీ కుళాయికీ మధ్య నలభై అడుగులుంటాయేమో. చిన్నవాళ్ళతో మొదలెడదాం అన్న మాట ఆ నలభై అడుగుల్లోనే పుట్టింది.

ఇంకొకటి చెబుతాను, ఇది నీకు ఇంకా కష్టంగా ఉంటుంది. నువ్వు చెయ్యెత్తినప్పుడు నాకు నీ మీద కోపమొచ్చింది. ఇంత వెర్రిబాగుల్దేమిటి, ఒక్క ప్రశ్నైనా అడగదేమిటని. నువ్వడిగి ఉంటే చెప్పేదాన్నని నన్ను నేను నమ్మించుకున్నాను. ఆ కోపంతోనే తర్వాత నీ అద్దాలు ఎక్కువ వెనక్కి పంపేదాన్ని. నీకు గుర్తుండే ఉంటుంది. పని బాగా నేర్పుతున్నానని నువ్వనుకున్నావు. నా వెనక అందరితోనూ అలా చెప్పేదానివని బాబాయి చెబితే, ఆ పూట అన్నం సయించలేదు.

మిగతా ఆరేళ్ళూ శాతం తక్కువవుతూ వచ్చింది. అది నా చేతిలో లేదు. అయితే మీ అందరి వంతులూ అయ్యాక చివర నేను మింగింది త్యాగమని మీరు నాకు శాలువా కప్పినప్పుడు, అది తీసెయ్యమని చెప్పాల్సింది. చెప్పలేదు. కప్పుకుని ఫోటో కూడా దిగాను.

పిల్ల పేరు రాయొద్దు. నీకు చెప్పే హక్కు నాకు లేదంటావు, లేదు. అయినా రాయొద్దు. నాకు ఆ పాపం ఏడేళ్ళుగా ఎలా ఉందో రాయను, రాస్తే నామీద నేను జాలిపడినట్టుంటుంది. నీకు నోరుంది, నువ్వు ఉత్తరం రాశావు. దానికి రేపు నోరు లేకపోతే?

దీనితో ఇంకో కాగితం పెట్టాను, చూడు. ఏడేళ్ళుగా మా గదిలో ప్రతిభ ఫారాలు నేను అబద్ధంగా రాశాను, లోపాలన్నీ నేను కల్పించినవి, సున్నాలన్నీ వంతుల ప్రకారం వేసినవి, మిగతావాళ్ళ తప్పేమీ లేదు అని రాసి సంతకం పెట్టాను. దాన్ని తీసుకెళ్ళి ఆ సన్నటాయన చేతిలో పెట్టు. ఆ సున్నాలు చెల్లవంటే అందరి లెక్కా మళ్ళీ మొదటికొస్తుంది, ఎవరికీ రెండోది పడదు. నా పెన్షను పట్టుకుంటే పట్టుకోనీ. చెల్లెలింట్లో ఒక గది ఉంది, రెండు పూటలా అన్నానికి లోటు లేదు. ఇన్నేళ్ళూ నీ పన్నెండు తిన్నాను, ఇకనైనా మానేస్తాను.

మోకాళ్ళు అలాగే ఉన్నాయి. వెలుతురు పొద్దున పూట వస్తుంది.

మీ అత్తగారు
(ఇంకా అలా పిలిచేటట్టయితే)

*

గురువారం

అత్తగారికి,

పిలుస్తున్నాను. ఇంకో పేరు తెలియదు కూడా.

మీ ఉత్తరం చేరి అయిదు వారాలయింది. ఇన్నాళ్ళూ జవాబు రాయకపోవటం కోపం వల్లనే అనుకుంటారేమో, సగం అంతే. మిగతా సగం ఏం జరిగిందో తేలేదాకా ఆగటం.

మీ కాగితం తీసుకెళ్ళి ఆఫీసరు ముందు పెట్టాను. నిదానంగా రెండుసార్లు చదివాడు. ఆశ్చర్యపోతాడనుకున్నాను. సొరుగు తీసి ఇంకో కాగితం చూపించాడు. అందులో మన గది, కింద గది, గోదాము, అన్ని గదుల సున్నాలూ ఉన్నాయి.

"చూడండి మేడం. మీ గదిలో ఏడేళ్ళలో ఏడుగురికీ ఒక్కొక్క సున్నా పడింది, ఒక్కరికీ రెండోది లేదు. గోదాములో పేరులో మొదటి అక్షరాన్ని బట్టి పడ్డాయి. ఇది మాకు కనపడదనుకున్నారా?"

"మరి తెలిసీ ఎందుకు ఊరుకున్నారు?"

"జీతాలకి ఏడాదికింత అని ఒక మొత్తం ఉంటుంది. ఏడుగురిలో ఒకరికి సున్నా అయితే ఆ మొత్తం సరిపోతుంది. ఆ ఒకరెవరైతే మాకేంటి? కానీ పైవాళ్ళకి నిజంగా తక్కువ పనిచేసేవాళ్ళెవరో కావాలట. మీరు వంతులేసుకుంటే అది తేలదు. అందుకే రెండు సున్నాల రూలు పెట్టారు. మొదటి చుట్టు అయ్యేదాకా ఆగి పెట్టారు."

మన వంతుల్ని విరగ్గొట్టడానికే ఆ రూలు పుట్టిందన్నమాట. మనం తెలివిగలవాళ్ళమని ఏడేళ్ళు మురిసిపోతుంటే, వాళ్ళు పక్కన కూర్చుని వేళ్ళు మడుస్తున్నారు. మా గదిలో తక్కువవాళ్ళు లేరన్నాను. "అన్ని గదులవాళ్ళూ అదే అంటారు" అన్నాడు. వెటకారం లేదు, పాపం అలసట ఉంది. తర్వాత మీ కాగితాన్ని రెండు వేళ్ళతో నా వైపు జరిపాడు. "ఇది నేను తీసుకున్నానంటే ఆవిడ పెన్షను ఆపి విచారణ పెట్టాలి. సున్నాలు మాత్రం మారవు. గడిచిన ఏళ్ళ జీతం మళ్ళీ లెక్కకట్టరు. నేను చూడలేదనుకుని పట్టుకెళ్ళండి" అన్నాడు. చెడ్డవాడైతే బాగుండేది, తిట్టుకుంటూనైనా వచ్చేదాన్ని. కాగితం ఇందులో పెట్టి తిప్పి పంపుతున్నాను. చింపెయ్యండి. మీ పెన్షను పోగొట్టి నాకు పట్టేదేమీ లేదు.

శుక్రవారం పొద్దున అందర్నీ కుళాయి దగ్గరికి పిలిచాను. ఆ పిల్ల వస్తూనే, "నాదే కదక్కా, రాసెయ్యండి" అంది. అప్పుడు చెప్పాను. ఈ ఏడు పది అని చెప్పాను. నా మొదటి ఏడు పన్నెండని, ఆ పన్నెండు ఈనాటికీ ఎక్కడెక్కడ తగ్గుతూ వస్తోందో, మరిదికీ నాకూ తేడా ఎంతో, కాగితంలో ఎవరికెంతుందో, అంతా చెప్పాను. బయట మాట్లాడకూడదన్నది మాట్లాడేశాను. మీ సంగతి కూడా చెప్పాను, దాచలేదు. పాలిష్ బాబాయి తల వంచుకుని చేతులకంటిన పాలిష్ పొడి దులుపుకుంటూనే ఉన్నాడు. ఆ పిల్ల ఒక్కటే అడిగింది. "మీకప్పుడు ఎవరూ చెప్పలేదా అక్కా?" లేదన్నాను. "అయితే నేనొప్పుకోను" అంది.

సంతోషించాలి కదా. ఒక్క క్షణం సంతోషించాను కూడా. వెంటనే దాని మీద కోపమొచ్చింది. అన్నీ చెప్పినా ఎత్తిన చెయ్యి దించదనే లోపల ఎక్కడో ఆశపడ్డానని అప్పుడు తెలిసింది. చెప్పిన పుణ్యం నాకు, సున్నా దానికి అనుకున్నాను కాబోలు. మీకు ఆ రోజు నామీద వచ్చిన కోపమేమిటో నాకు ఆ క్షణంలో అర్థమైంది. అర్థమైనంత మాత్రాన మిమ్మల్ని క్షమించానని అనుకోకండి.

ఇక ఆ పిల్ల కాక ఎవరి పేరు రాసినా వాళ్ళకది రెండోది. బాబాయికి రిటైర్మెంటు మూడేళ్ళుంది. మరిదికి ఇద్దరు పిల్లలు, మొన్ననే ఇల్లు మొదలెట్టాడు. ప్యాకింగ్ చేసే ఇద్దరికీ ఇంకెక్కడా పని దొరకదు. సాన పట్టే అతను ఏడ్చేశాడు, అతన్ని అసలు ఎవరూ ఏమీ అనలేదు. కుళాయి కట్టేసి వచ్చాను. ఫారంలో ఆ పిల్ల పేరు రాశాను. కొట్టేశాను. మరిది పేరు రాశాను, ఇది ఎవరికీ చెప్పలేదు, మీకే చెబుతున్నాను. ఆ ఎనిమిది నా నుంచి అతనికి పోయిందన్న పిచ్చి ఊహ ఒకటి ఉంది కదా. అదీ కొట్టేశాను. ఇంకో ఫారం అడిగి తెచ్చుకుని నా పేరు రాసుకున్నాను. లోపమనే చోట, "ఏడుగురిలో తక్కువ ఎవరో చెప్పలేదు" అని రాశాను. ఆఫీసరు చదివి, నా ముఖం చూసి, సంతకం పెట్టాడు.

మంచిదాన్నని మీరు పొగడొద్దు. ఇంకొకరి పేరు రాసి ఆ గదిలో మళ్ళీ కూర్చునే ధైర్యం లేక చేసిన పని. మా ఆయనకి చెబితే మిషను మీద చెయ్యి అలాగే పెట్టి, "నీకు తప్ప ఎవరికీ పట్టదా ఆ గది?" అన్నాడు. మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నాలుగో రోజు అమ్మాయి, "నాన్న నిన్ను తిట్టడం లేదమ్మా, లెక్కేసుకుంటున్నాడు" అని చెప్పింది. పదకొండేళ్ళ పిల్లకి అది ఎలా తెలిసిందో.

పోయిన నెలాఖరుతో నా పని అయిపోయింది. అందరూ గేటుదాకా వస్తారనుకున్నాను. మరిది ఒక్కడే నా సంచీ పట్టుకుని వచ్చాడు. "మీరు ఆ జీతాల సంగతి చెప్పకుండా ఉంటే బాగుండేది వదినా" అన్నాడు. ఎందుకన్నాను. "ఇప్పుడు ఎవరికెంతో అందరికీ తెలిసిపోయింది. ఇన్నేళ్ళ సర్వీసుండీ బాబాయికి నాకన్నా తక్కువని బాబాయి నాతో మాట్లాడటం లేదు. ఆ పిల్లతో ఎవరూ అన్నానికి కూర్చోవటం లేదు. వచ్చే ఏడు ఎవరిదని ఇప్పట్నుంచే ఒకరి అద్దాల్లో ఒకరు గీతలు వెతుకుతున్నారు" అన్నాడు. సంచీ నా చేతికిచ్చి గబగబా లోపలికెళ్ళిపోయాడు. అబద్ధం మీద నడిచినంత కాలం ఆ గదిలో పాటలుండేవి, నిజం చెప్పి నేను వాటిని ఆర్పేసి వచ్చాను. ఏది మేలో నాకు తేలటం లేదు అత్తగారూ, మీకేమైనా తెలిస్తే చెప్పండి.

సోమవారం ఒక కళ్ళజోళ్ళ కొట్టుకి పని కోసం వెళ్ళి మాట్లాడాను. పెద్ద కొట్టే. నాలుగు అద్దాలిచ్చి పరీక్ష చెయ్యమన్నారు. మూడింటిలో గీతలు పట్టుకున్నాను, నాలుగోదాంట్లో పవరు తప్పని చెప్పాను. యజమాని చాలా మెచ్చుకున్నాడు. ఇంత పని తెలిసినవాళ్ళని చూడలేదన్నాడు. తర్వాత కాగితం, పెన్నూ నా ముందు పెట్టి, "ఇంతకు ముందు మీ బేసిక్ ఎంతో రాయండి, చివరి చీటీ కూడా కావాలి. దాని మీద అయిదు శాతం కలిపిస్తాం, మా పద్ధతి అదే" అన్నాడు.

రాశాను. ఉన్నదే రాశాను.

బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. పని పోయినప్పుడు ఏడవలేదు. ఆ పన్నెండు నన్ను వదిలిపెట్టదని, నేను ఏ కొట్టుకెళ్ళినా అక్కడ నా కంటే ముందే కుర్చీ వేసుకుని కూర్చుంటుందని అప్పుడు తెలిసింది. ఒకటో తారీకున చేరుతున్నాను.

ఇంత జరిగాక కోపం తగ్గుతుందనుకున్నాను. పని వదిలేశాను, మీ కాగితం తిప్పి పంపుతున్నాను, పిల్లని కాపాడాను, అన్నీ చేశాను. తగ్గలేదు. పైగా మీరు నిజం చెప్పారని ఇంకా పెరిగింది. తెలియదని ఒక్క అబద్ధం రాసి ఉంటే, ఇద్దరం అమాయకులమే అనుకుని హాయిగా ఏడ్చుకునేదాన్ని కదా. అద్దం పట్టుకోవటం నేర్పింది మీరు. దీపం ఎక్కడ పెట్టాలో నేర్పింది మీరు. మా అమ్మ పోయినప్పుడు పది రోజులు నా పని కూడా మీరే చేశారు, ఎవరికీ చెప్పలేదు. ఆవిడా మీరే, పన్నెండు చూసి మనసు మార్చుకున్నావిడా మీరే. ఇద్దరినీ విడదీసి ఒకరిని ఉంచుకుందామని ఎంతో ప్రయత్నించాను, నావల్ల కాలేదు.

ఆదివారం పొద్దున బస్సుకి బయలుదేరి వస్తున్నాను. ప్రేమతో వస్తున్నానని సంబరపడొద్దు, అరవడానికి వస్తున్నాను. ఉత్తరాల్లో అరుపు సరిగ్గా రావటం లేదు. మీ చెల్లెలుగారికి ముందే చెప్పి ఉంచండి, భయపడతారు. అరవడం అయ్యాక నాకు ఎలా ఉంటుందో తెలియదు, వెంటనే లేచి వచ్చేసినా రావచ్చు. తలుపు మాత్రం మీరే తియ్యండి.

మీ
చిన్న కోడలు